ఐబీడీ ఉన్నవాళ్ల నోరు: పూతకు కారణం పేగా, మందా, లోపమా, పాచా?

మనం రోజుకు లీటరుకు పైగా లాలాజలం మింగుతాం. దాంతోపాటే నోట్లోని బ్యాక్టీరియా కోట్ల లెక్కన కడుపులోకి దిగిపోతుంది. అయినా ఆరోగ్యంగా ఉన్న మనిషి పేగుల్లో ఆ నోటి బ్యాక్టీరియా పెద్దగా కనిపించదు. ఎందుకంటే దారిలో ముఖ్యంగా రెండు కాపలాలున్నాయి. మొదటిది జీర్ణాశయంలోని ఆమ్లం. అది చాలావాటిని అక్కడికక్కడే చంపేస్తుంది. రెండోది పెద్దపేగులో ముందునుంచీ పాతుకుపోయిన బ్యాక్టీరియా. కొత్తగా వచ్చినవాటికి అది చోటూ ఇవ్వదు, తిండీ మిగల్చదు.

ఐబీడీ అనే దీర్ఘకాలిక పేగువాపు జబ్బులో ఈ రెండో కాపలా సడలిపోతుంది. పళ్ల డాక్టరూ పేగుల డాక్టరూ ఒకే రోగి గురించి మాట్లాడుకోవాల్సిన అవసరం ఇక్కడే మొదలవుతుంది.

ముందు పేర్లు తేల్చుకుందాం. ఐబీడీ (ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్) అంటే పేగు గోడలో కళ్లకు కనిపించే వాపు, పుండ్లు ఉండే దీర్ఘకాలిక జబ్బు. దీంట్లో ప్రధానంగా రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే, అందులోనూ లోపలి పొరకే పరిమితం. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మందమంతా పాకవచ్చు. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) వేరే సంగతి. అందులో పేగు పనితీరులో తేడా ఉంటుంది కానీ గోడలో పుండ్లు ఉండవు. ఈ వ్యాసం ఐబీడీ గురించే.

నోట్లో కనిపించేది ఏ కోవకి చెందుతుంది?

ఐబీడీ ఉన్న మనిషి "నోరు పూసింది" అంటే దాని వెనక నాలుగు కారణాల్లో ఏదో ఒకటి, లేదా రెండు మూడు కలిసి ఉంటాయి: జబ్బే నోట్లోకి రావడం, జబ్బు తెచ్చిన పోషక లోపం, జబ్బుకు వాడే మందు, ఎవరికైనా వచ్చే పాచి సమస్య. చూడ్డానికి ఒకేలా ఉన్నా వీటి చికిత్సలు పూర్తిగా వేరు. లోపం వల్ల వచ్చిన పూతకు ఎన్ని జెల్లులు పూసినా అది మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

జబ్బే నోట్లోకి వచ్చినప్పుడు, ముఖ్యంగా క్రోన్స్‌లో, కొన్ని ప్రత్యేకమైన గుర్తులుంటాయి. బుగ్గ లోపలి చర్మం రాళ్లు పరిచిన బాటలా గడ్డలు గడ్డలుగా తేలుతుంది. బుగ్గకూ చిగురుకూ మధ్య మడతలో, కత్తితో గీసినట్టు పొడుగ్గా, లోతుగా పుండ్లు పడతాయి. పెదవి వాచి గట్టిపడి, మధ్యలో నిలువుగా చీలుతుంది. చిగుళ్లు అంచు వరకే ఆగకుండా పైదాకా ఎర్రగా ఉబ్బుతాయి. ఇవి పెద్దల్లో కంటే పిల్లల్లో ఎక్కువ. కొందరిలో కడుపునొప్పి, విరేచనాలు మొదలవ్వకముందే పెదవి వాపు వస్తుంది. ఎదుగుదల మందగించిన పిల్లవాడికి పెదవి వాపు తగ్గకుండా ఉంటే, అలర్జీ అని సరిపెట్టుకోకుండా పేగువాపును తెలిపే పరీక్ష, అంటే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించడం మంచిది. బయాప్సీ తీస్తే, క్రోన్స్ పేగులో కనిపించే తరహా గ్రాన్యులోమాలే (రోగనిరోధక కణాల గుంపులు) ఇక్కడా దొరకవచ్చు. అయితే ముక్క పైపైన తీస్తే అవి చిక్కవు, కాస్త లోతుగా తీయాలి.

కొలైటిస్ వైపు అరుదుగా కనిపించే గుర్తు ఒకటుంది: చిగుళ్ల మీదా పెదవుల లోపలా పసుపు రంగు చీముపొక్కులు వరసగా చిట్లి, నత్త పాకిన జాడలా కనిపించడం. దీన్ని పయోస్టొమటైటిస్ వెజిటాన్స్ అంటారు. ఇది కనిపిస్తే పేగు ఎంత నెమ్మదిగా ఉన్నట్టున్నా పరీక్ష చేయించాల్సిందే.

మామూలు నోటిపూత, అంటే తెల్లటి అడుగూ ఎర్రటి అంచూ ఉన్న గుండ్రటి పుండు, ఐబీడీ లేనివాళ్లకూ బోలెడంతమందికి వస్తుంది. కాబట్టి పూత ఒక్కటి చూసి ఐబీడీ అని భయపడక్కర్లేదు. ఒక సెంటీమీటరు లోపు పుండు సాధారణంగా 7 నుంచి 14 రోజుల్లో మచ్చ లేకుండా మానుతుంది. 3 వారాలైనా మానని పుండును మాత్రం ఐబీడీ ఖాతాలో వేసి ఊరుకోకూడదు. క్యాన్సరూ క్షయా కాదని తేల్చుకోవాలి. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం.

లోపాలు నోట్లోనే ముందు బయటపడతాయి

నోటి లోపలి పొర రోజుల వ్యవధిలోనే కొత్తగా పుడుతూ ఉంటుంది. ఇంత వేగంగా పుట్టే కణాలకు ఇనుమూ ఫోలేటూ బి12 ఆగకుండా అందాలి. అందకపోతే ఆ లోటు తొందరగా తెలిసేది ఇక్కడే.

బి12 శరీరానికి పట్టేది చిన్నపేగు చివరి భాగంలో. క్రోన్స్ ఎక్కువగా దాడి చేసేదీ అక్కడే. ఆపరేషన్‌లో ఆ భాగం 20 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తీసేస్తే బి12 లోపం దాదాపు ఖాయమనుకుని ఏర్పాటు చేసుకోవాలి. నాలుక ఎర్రగా, నున్నగా అయి కారం తిన్నట్టు మండుతుంటే ముందు అడగాల్సింది బి12 పరీక్ష. రక్తహీనత ఇంకా బయటపడకముందే నాలుక ఇలా మారవచ్చు.

పెదవి మూలలు పగలడం, నోటి లోపల పాలిపోవడం ఇనుము తగ్గినప్పుడు కనిపించేవి. ఇక్కడ రిపోర్టు చదవడంలో పొరపాటు జరుగుతుంటుంది. ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ వాపు ఉన్నప్పుడు దానంతటదే పెరుగుతుంది. జబ్బు నెమ్మదిగా ఉన్నప్పుడు లీటరుకు 30 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే లోపమని చెప్పొచ్చు. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడైతే 100 దాకా ఉన్నా లోపం ఉండే అవకాశం ఉంది. "ఫెర్రిటిన్ 70 ఉంది కదా, నార్మలే" అన్న మాట దగ్గర ఆగిపోతే పెదవి మూలలు పగులుతూనే ఉంటాయి. జింక్ తగ్గితే రుచి మారుతుంది. విరేచనాలు ఎక్కువ రోజులు సాగినవాళ్లలో దీన్నీ గుర్తుపెట్టుకోవాలి.

మందుల వల్ల వచ్చేవి

రోగనిరోధక శక్తిని అణిచే మెథోట్రెక్సేట్ గురించి కాస్త గట్టిగా చెప్పాలి. ఐబీడీలో దీన్ని వారానికి ఒక్కసారే తీసుకుంటారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ పొరపాటు చాలాసార్లు మొదట బయటపడేది నోరంతా పుండ్లు పడటంతోనే. ఈ మందు వాడే మనిషికి ఒక్కసారిగా నోరంతా పూస్తే, ఏ రోజు ఎంత వేసుకున్నారో లెక్క చూసుకుని అదే రోజు డాక్టరుకు చెప్పాలి. డోసు సరిగ్గా ఉండి కూడా అడపాదడపా పూత వస్తుంటే ఫోలిక్ యాసిడ్ సరిపోతోందో లేదో చూడాలి. నోటి ఇన్ఫెక్షన్‌కైనా మూత్రం ఇన్ఫెక్షన్‌కైనా కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తుంటే, మెథోట్రెక్సేట్ వాడుతున్నానని తప్పక చెప్పాలి. ఆ రెండూ కలిస్తే ఎముక మజ్జ దెబ్బతినే ప్రమాదం ఉంది.

అజాథయోప్రిన్ వాడేవాళ్లకు నోటి పుండ్లతోపాటు జ్వరం, గొంతునొప్పి వస్తే తెల్ల రక్తకణాలు పడిపోయాయేమో చూడాలి. ఆ రక్తపరీక్షను మర్నాటికి వాయిదా వేయకూడదు. స్టెరాయిడ్లతో నోట్లో తెల్లటి మీగడ లాంటి పొర ఏర్పడి, తుడిస్తే ఊడొచ్చి కింద ఎర్రగా కనిపిస్తే అది క్యాండిడా ఫంగస్. దానికి ఫంగస్ మందే వాడాలి. పూత అనుకుని స్టెరాయిడ్ జెల్ రాస్తే ఇంకా పెరుగుతుంది. సైక్లోస్పోరిన్‌తో కొందరిలో చిగుళ్లు లావుగా పెరిగి పళ్లను కప్పేస్తాయి. పాచి ఎక్కువ ఉన్నవాళ్లలో ఈ పెరుగుదల మరింత ఎక్కువ. సల్ఫాసలజీన్ ఫోలేట్‌ను తగ్గిస్తుంది.

చిగుళ్ల జబ్బు పేగును రెచ్చగొడుతుందా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. పరిశోధన ఎంతవరకు వచ్చిందో వరసగా చూస్తే జవాబు తేలికవుతుంది.

2014లో కొత్తగా క్రోన్స్ బయటపడి, ఇంకా ఏ మందూ మొదలుపెట్టని పిల్లల పేగు పొరను పెద్ద ఎత్తున పరీక్షించారు. మందుల ప్రభావం లేని నమూనాలు కావడం ఆ అధ్యయనం బలం. పేగుల్లో ఉండాల్సిన క్లాస్ట్రిడియేల్స్ తరహా బ్యాక్టీరియా తగ్గి, ఫ్యూజోబ్యాక్టీరియా, వెయొనెల్లా కుటుంబాలకు చెందినవి పెరిగాయి. ఇవి మామూలుగా నోట్లో కాపురముండే రకాలు.

అయితే వాపు వల్ల ఇవి చేరాయా, ఇవి చేరడం వల్ల వాపు వచ్చిందా? 2017లో జపాన్‌కు చెందిన కెన్యా హోండా బృందం దీన్ని పరీక్షించింది. క్రోన్స్ రోగుల లాలాజలాన్ని, ఏ బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకలకు మింగించారు. ఒక రోగి లాలాజలం ఇచ్చిన ఎలుకల పెద్దపేగులో టీహెచ్1 అనే దూకుడు రోగనిరోధక కణాలు విపరీతంగా పేరుకున్నాయి. వెతికితే కారణం లాలాజలంలోని క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా అని తేలింది. మామూలు పేగు బ్యాక్టీరియా ఉన్న ఎలుకల్లో అది నిలదొక్కుకోలేదు. యాంటీబయాటిక్‌తో ఆ పాత కాపురాన్ని చెదరగొట్టాక మాత్రం పాగా వేసింది. మొదట చెప్పుకున్న రెండో కాపలా ఇదే.

2020లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో నొబుహికో కమాడా బృందం ఇంకో అడుగు వేసింది. ఎలుకల దవడపళ్ల చుట్టూ దారం కట్టి చిగుళ్ల జబ్బు తెప్పించారు. పేగువాపు కూడా తెప్పించిన ఎలుకల్లో, ఈ దారం కట్టినవాటికి వాపు మరింత ముదిరింది. ఇది రెండు దారుల్లో జరుగుతోందని వాళ్లు చూపించారు. ఒకటి, చెడ్డ చిగుళ్లలో పెరిగిన బ్యాక్టీరియా మింగుడుతో పేగుకు చేరి అక్కడి కణాల చేత ఐఎల్-1 బీటా అనే వాపు రసాయనాన్ని విడుదల చేయించడం. రెండోది ఇంకా ఆసక్తికరం: నోటి బ్యాక్టీరియాను చిగుళ్లలో ఎదుర్కొని తర్ఫీదైన టీహెచ్17 అనే రోగనిరోధక కణాలు పేగుకు వలస వెళ్లడం, అక్కడ అదే బ్యాక్టీరియా ఎదురుపడితే మళ్లీ రెచ్చిపోవడం. చిగుళ్లలో మొదలైన తగవు పేగులో తేల్చుకున్నట్టన్నమాట.

ఇక్కడ తొందరపడి "అయితే టీహెచ్17 దారిని మూసేస్తే సరి" అనుకోకూడదు. ఆ కణాల ప్రధాన ఆయుధమైన ఐఎల్-17ను అడ్డుకునే సెకుకినుమాబ్‌ను క్రోన్స్ రోగులకు ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. మేలు జరగకపోగా కొందరికి జబ్బు ముదిరింది. పేగు పొరను కాపాడటంలోనూ ఐఎల్-17కు పాత్ర ఉంది. ఎలుకల ప్రయోగం నుంచి మనిషి వైద్యానికి నేరుగా గీత గీయలేం.

మనుషుల లెక్కలు చూస్తే, ఐబీడీ ఉన్నవాళ్లలో చిగుళ్ల జబ్బూ పిప్పిపళ్లూ ఎక్కువని చాలా అధ్యయనాలు ఒకే మాట చెబుతున్నాయి. కానీ అవి ఒకే సమయంలో తీసిన లెక్కలు, ఏది ముందో చెప్పలేవు. ముందునుంచీ గమనిస్తూ వచ్చిన ఒక స్వీడన్ అధ్యయనం 2017లో వెలువడింది. 20 వేలమందికి పైగా మనుషుల పళ్లను 1970లలో పరీక్షించి, దశాబ్దాల తర్వాత ఎవరికి ఐబీడీ వచ్చిందో చూశారు. పాచి ఎక్కువున్నవాళ్లకు క్రోన్స్, పళ్లు బాగా ఊడినవాళ్లకు మొత్తంగా ఐబీడీ తక్కువగా వచ్చింది! బ్రష్ చేయడం మానేయమని దీనర్థం కాదు. పళ్లు పాడైతే పేగు జబ్బు పుట్టుకొస్తుందన్న సూటి లెక్క మాత్రం దీని ముందు నిలబడదు.

పైగా పొగతాగడం ఈ లెక్కలన్నింటినీ చిక్కుపెడుతుంది. పొగ చిగుళ్లను పాడుచేస్తుంది, క్రోన్స్‌ను ముదరబెడుతుంది. కొలైటిస్ మాత్రం పొగ తాగేవాళ్లలో తక్కువ, మానేసినవాళ్లలో ఎక్కువ. రెండు జబ్బుల్నీ కలిపేసి "ఐబీడీ" అని ఒకే లెక్క కట్టిన అధ్యయనాన్ని అందుకే జాగ్రత్తగా చదవాలి.

ఇవన్నీ కలిపి చూస్తే మా అంచనా ఇది. చెడ్డ చిగుళ్లు ఐబీడీకి పునాది వేస్తాయనడానికి ఆధారం బలంగా లేదు. ఇప్పటికే వాచిన పేగుకు అవి ఆజ్యం పోయగలవనడానికి మాత్రం ఎలుకల్లో గట్టి ఆధారం ఉంది. చిగుళ్లకు వైద్యం చేస్తే ఐబీడీ తగ్గుతుందని మనుషుల్లో పెద్ద ప్రయోగాలేవీ రుజువు చేయలేదు, కాబట్టి పేగు మందుల్ని తగ్గించుకోవడానికి ఇది సాకు కాకూడదు.

మొదటి కాపలా గురించి ఒక్కమాట. ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ లాంటి మాత్రలు వాడేవాళ్ల పేగుల్లో నోటి బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటోందని నెదర్లాండ్స్ పరిశోధకులు 2016లో చూపించారు. అవసరం ఉంటే వాడాల్సిందే. ఎప్పుడో కడుపుమంటకు మొదలుపెట్టి, ఎందుకో కూడా మర్చిపోయి ఏళ్లుగా వేసుకుంటుంటే అది ఇంకా కావాలా అని డాక్టర్ని అడగాలి.

ఇంట్లో చేయాల్సింది

పాచిని తీయడం ఆపేస్తే చిగుళ్ల వాపు ఎంత త్వరగా వస్తుందో 1965లో డెన్మార్క్‌లో హారాల్డ్ లో బృందం తేల్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చేత పళ్లు తోముకోవడం మాన్పిస్తే, 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. తిరిగి తోముకోవడం మొదలుపెట్టాక దాదాపు వారంలో సర్దుకున్నాయి. ఐబీడీ తిరగబెట్టి, మంచం దిగలేక రెండు వారాలు బ్రష్ పట్టని మనిషి చిగుళ్ల నుంచి రక్తం రావడంలో అందుకే వింతేమీ లేదు. ఓపిక లేని రోజుల్లో కూర్చునైనా సరే, రాత్రి పూట ఒక్కసారైనా శుభ్రంగా తోముకోవాలి.

మామూలు రోజుల్లో రెండు పూటలా, పూటకు 2 నిమిషాలు. మెత్తటి బ్రష్‌ను పంటికీ చిగురుకీ కలిసే గీత మీద 45 డిగ్రీల వాలులో పెట్టి చిన్నచిన్నగా కదపాలి. పాచి పేరుకునేది ఆ గీత దగ్గరే. పెద్దవాళ్ల పేస్టులో ఫ్లోరైడ్ 1,350 నుంచి 1,500 పీపీఎం ఉండాలి. తోముకున్నాక నురగ ఉమ్మేయాలి, నీళ్లతో పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. పూత తరచూ వచ్చేవాళ్లు సోడియం లారిల్ సల్ఫేట్ లేని పేస్టు వాడి చూడాలి. నురగ తక్కువొస్తుంది, పూతలు కొందరికి తగ్గుతాయి. పళ్ల సందుల్లోకి బ్రష్ వెళ్లదు కాబట్టి సందు బ్రష్ వాడాలి. సందులో బిగుతుగా, బలవంతం చేయకుండా దూరే సైజే సరైన సైజు.

ఐబీడీ ఉన్నవాళ్లు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తింటారు, పోషక పానీయాలూ ఓఆర్ఎస్ తాగుతారు. చక్కెర తగిలిన ప్రతిసారీ పంటి మీద ఆమ్లం పుడుతుంది. ఇక్కడ ఎంత తాగారన్నదానికంటే ఎన్నిసార్లు తాగారన్నదే పంటిని దెబ్బతీస్తుంది. కడుపు తట్టుకునేవాళ్లు పోషక పానీయాన్ని గంటల తరబడి చప్పరించకుండా ఒక్క కూర్చోవడంలో ముగించి, తర్వాత మంచినీళ్లు తాగాలి. పిప్పిపళ్లు పదేపదే వస్తుంటే 5,000 పీపీఎం పేస్టు రాయమని పళ్ల డాక్టర్ని అడగవచ్చు. వాంతి అయినవెంటనే బ్రష్ చేయకూడదు. ఆమ్లంతో మెత్తబడిన పంటి పైపొర అరిగిపోతుంది. నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగాలి.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రెండు వారాలకు మించి సొంతంగా వాడొద్దు. పళ్లు గోధుమరంగు పడతాయి, రుచి చెడుతుంది. పేస్టుకూ దానికీ మధ్య అరగంట ఎడం లేకపోతే దాని పని తగ్గవచ్చు.

పళ్ల డాక్టరు దగ్గర

జబ్బు నెమ్మదిగా ఉన్న కాలంలో చెకప్ పెట్టుకోవడం తేలిక. చీముగడ్డ ఉంటే మాత్రం జబ్బు నెమ్మదించే దాకా ఆగకూడదు. చిగుళ్ల పరీక్షలో ఒక్కో పంటి చుట్టూ 6 చోట్ల సన్నటి కొలబద్ద పెట్టి లోతు చూస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్లు మామూలు. 4 గానీ అంతకుమించి గానీ ఉండి, తాకితే రక్తం వస్తుంటే అక్కడ గార చిగురు కిందికి దిగిందేమో చూస్తారు. పైపై స్కేలింగ్ దాన్ని అందుకోలేదు, వేరు మీద కూడా శుభ్రం చేయాలి. దాదాపు 3 నెలలకు మళ్లీ కొలవాలి. ఆ రెండోసారి కొలత వేయని చికిత్స సగం చికిత్సే. స్కేలింగ్‌తో పళ్లు వదులవుతాయన్న భయం ఉంటుంది. నిజానికి ఎముక అంతకుముందే కరిగిపోయి, గార పళ్లను పట్టి ఉంచి ఉంటుంది. అది తీయగానే అసలు పరిస్థితి తెలుస్తుంది.

నొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కొందరిలో ఐబీడీని తిరగబెట్టించగలవు. కాలేయ సమస్య లేని పెద్దవాళ్లకు పారాసిటమాల్ మేలు, రోజుకు 4 గ్రాములు మించకుండా. యాంటీబయాటిక్ విషయంలోనూ ఆచితూచాలి. చీముగడ్డకు అసలు వైద్యం చీము తీయడం, లేదా ఆ పంటికి రూట్ కెనాల్ చేయడం లేదా తీసేయడం. ఆ పని చేయకుండా మాత్రలు మాత్రమే రాస్తే గడ్డ తిరిగొస్తుంది, ఈలోగా పేగులోని రెండో కాపలా దెబ్బతింటుంది. క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ తర్వాత, విరేచనాలు తెచ్చే క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ. యాంటీబయాటిక్ వాడిన రోజుల్లో గానీ తర్వాతి వారాల్లో గానీ విరేచనాలు పెరిగితే, ఐబీడీ తిరగబెట్టిందనుకుని స్టెరాయిడ్ పెంచకముందే మలంలో ఆ బ్యాక్టీరియా పరీక్ష చేయించాలి.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 5 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ నెల పైబడి వాడుతున్నవాళ్లు పన్ను తీయించుకునే రోజు డోసు మానకూడదు. మత్తిచ్చి చేసే పెద్ద ఆపరేషన్ అయితే అదనపు డోసు కావాలేమో ముందే అడగాలి. అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు పన్ను తీసేముందు తాజా రక్తకణాల లెక్క చూపించాలి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లను పంటి పని కోసం సొంతంగా ఆపేయకూడదు. ఫిల్లింగ్‌కూ స్కేలింగ్‌కూ సాధారణంగా ఆ అవసరమే రాదు. స్టెరాయిడ్ల వల్ల ఎముకలు గుల్లబారి బిస్ఫాస్ఫొనేట్లు అనే ఎముకల మందులు మొదలుపెట్టబోతుంటే, తీయాల్సిన పళ్లను ముందే తీయించుకోవాలి. మొదలయ్యాక పన్ను తీస్తే దవడ ఎముక మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది.

పేగుల డాక్టరు వైపు నుంచి కూడా ఒక సంగతి. చిగుళ్ల జబ్బు రక్తంలో, వాపుకు గుర్తైన సీఆర్‌పీని కొద్దిగా పెంచుతుంది. కాల్‌ప్రొటెక్టిన్ మామూలుగా ఉండి, పేగు లక్షణాలు లేకుండా, సీఆర్‌పీ మాత్రం కాస్త ఎక్కువగానే నిలిచిపోతే మందు మార్చేముందు ఒకసారి నోరు తెరిపించి చూడటం మంచిది.

పూతతో వచ్చే చిక్కేమిటంటే, అపాయింట్‌మెంట్ రోజుకు అది మానిపోతుంది, చూపించడానికి ఏమీ మిగలదు. అందుకే పూత ఉన్న రోజునే వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీయాలి. కిందే తేదీ, ఆ రోజు ఎన్నిసార్లు విరేచనమైంది, మెథోట్రెక్సేట్ వేసుకుని ఎన్నో రోజు, కొత్తగా మొదలైన మందేమిటి అని రాసుకోవాలి. పూత, విరేచనాలు ఒకేసారి పెరుగుతుంటే వేలు జబ్బు వైపు చూపిస్తుంది. మందు వేసుకున్న ఒకటి రెండు రోజులకే ప్రతివారం పూస్తుంటే మందు వైపు. పేగు నెమ్మదిగా ఉన్నా పూత ఆగకపోతే రక్తపరీక్షలో బి12, ఫోలేట్, ఫెర్రిటిన్ చూడాలి.